కంపెనీ పెట్టెలో వచ్చిన డూప్లికేట్ బ్రేకు ప్యాడ్లు: నా అనుభవం

నాది 2018 మోడల్ మారుతి డిజైర్ డీజిల్ కారు. కాజీపేట స్టేషన్ దగ్గర స్టాండులో పెట్టుకుని కిరాయికి నడుపుకుంటాను, ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. డిసెంబరు చివరి వారంలో ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించిన దగ్గర మొదలైన ఇబ్బంది ఫిబ్రవరి సగం దాటేదాకా నన్ను వదల్లేదు. ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎవరేమన్నారో వరసగా రాస్తున్నాను. ఇలాంటి ప్యాడ్లతో ఇంకెన్ని బండ్లు మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయో అన్న భయం నాకింకా పోలేదు.

2026లో మేడారం జాతర జనవరి 28న మొదలు. కానీ మొక్కులవాళ్లు నెల ముందు నుంచే కదులుతారు. హనుమకొండ నుంచి పోయి రావడమంటే రెండు వందల కిలోమీటర్లు, సగం దారి జామే. అందుకే గిరాకీ అందుకోకముందే బండి చూపిద్దామని ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకుపోయాను. ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లకు వచ్చాయి, మార్చాల్సిందే అన్నాడు మేస్త్రీ. కుర్రాణ్ని పంపి స్పేర్ పార్ట్స్ షాపు నుంచి తెప్పించాడు. కంపెనీ పేరు, హోలోగ్రాము, ఎంఆర్‌పీ లేబులు అన్నీ ఉన్న పెట్టెను నా కళ్ల ముందే విప్పాడు. ప్యాడ్లకు 1,900, మజూరీ 350. రెండూ మేస్త్రీకే ఫోన్‌పే చేశాను. బిల్లు అడిగితే షాపువాళ్లు చిన్న చీటీ మీద "డిజైర్ ప్యాడ్ 1 సెట్" అని రాసి, కింద రేటు వేసి పంపారు. షాపు పేరు లేదు, నంబరు లేదు. మా దగ్గర దాన్నే బిల్లు అంటారు.

పాత ప్యాడ్లు, ఖాళీ పెట్టె రెండూ డిక్కీలో వేసుకున్నాను. లారీల మీద క్లీనరుగా చేసినప్పటి నుంచీ పాత సామాను అడిగి తీసుకోవడం నాకు అలవాటు. తర్వాత నాకు అక్కరకొచ్చింది ఆ అలవాటే.

సంక్రాంతి నాటికే బ్రేకు తొక్కితే కీచుమని మోత మొదలైంది. కొత్త ప్యాడ్లు కొన్నాళ్లు అట్లనే మోగుతాయి, డిస్కుకు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లానికి, పట్టేదాకా ఓపిక పట్టమని షెడ్డులో చెప్పారు. అందులో అబద్ధం లేదు, కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. కానీ ముందు చక్రాల రిమ్ములు పొద్దున కడిగితే సాయంత్రానికి మసి పూసినట్టు నల్లగా అయ్యేవి. ఆ మసిలో వేలు పెట్టి రాస్తే గరుకుగా, ఇనుప రజనులాగా తగిలేది. పాత ప్యాడ్లు నాలుగేళ్లు వాడాను, అప్పుడెప్పుడూ అట్లాంటి మసి చూడలేదు.

జాతరకు ముందు ఆదివారం హంటర్ రోడ్డు నుంచి ఒక కుటుంబాన్ని మేడారం తీసుకుపోయాను. ముసలమ్మ, కొడుకూ కోడలూ, ఒక పాప, డిక్కీ నిండా బంగారం. బంగారమంటే బెల్లమని మన దిక్కు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పోయేటప్పుడు ములుగు దాటిన దగ్గర నుంచి పస్రా దాకా బండి గజం కదలడం, ఆగడం. తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. గట్టమ్మ దగ్గర దిగుడులో ముందు బస్సు ఒక్కసారి ఆగింది. నేను బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కిందికి పోలేదు, కానీ బండి ఆగడం లేదు. రెండు కాళ్ల బలం ఒక కాలిమీద పెట్టి, గేరు రెండుకు దింపి, హ్యాండు బ్రేకు లాగితే బస్సు వెనక బంపరుకు మూరెడు దూరంలో ఆగాం. పాప తల ముందు సీటుకు తగిలింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఆ పిల్ల ఏడుపు నా చెవుల్లో చాలా రోజులు ఉంది. "అమ్మ తల్లులే కాపాడిన్రు బిడ్డా" అని ముసలమ్మ నా భుజం తట్టింది. నాకు మాట రాలేదు.

పక్కకు తీసి ఆపితే కాలిన వాసన, ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. నీళ్లు కొట్టబోయిన వాళ్లను ఆపాను. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పడితే వంకర పోతుంది. గంట పైనే అక్కడే ఆగి, చల్లారాక, నలభై దాటకుండా ఇంటికి చేరాం. వాళ్ల దగ్గర కిరాయి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కాజీపేటలో మేమంతా చాచా అని పిలుచుకునే పెద్ద మేస్త్రీ దగ్గరికి పోయాను. లారీల కాలం నాటి మనిషి. జరిగింది చెప్పగానే ఒకే ప్రశ్న వేశాడు: "పెడల్ లోపలికి పోయిందా, గట్టిగుండి ఆగలేదా?" గట్టిగానే ఉందన్నాను. "అయితే ఆయిల్ కాదు బేటా, గాలి కాదు. ప్యాడు కాలింది" అన్నాడు. పెడల్ మెత్తగా లోపలికి పోతే బ్రేకాయిల్ మరగడమో, లైనులో గాలి చేరడమో, లీకేజో. పెడల్ గట్టిగా ఉండి బండి జారుతుంటే ప్యాడుకూ డిస్కుకూ మధ్య పట్టు పోయి ఉండాలి, లేదంటే కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరు పని చేయక పోయి ఉండాలి. ఈ ఒక్క తేడా తెలిసి ఉండటం ప్రతి డ్రైవరుకూ అవసరం.

చక్రం విప్పి ప్యాడ్లు బయటికి తీశాడు. నేను డిక్కీలోంచి పాతవి తెచ్చి పక్కన పెట్టాను. ఆ బల్ల మీద చూసింది వివరంగా రాస్తాను.

నాలుగేళ్లు వాడిన పాత ప్యాడు మూడు మిల్లీమీటర్లే మిగిలినా దాని ముఖం సాఫుగా, ఒకే బూడిద రంగులో ఉంది. నెల కూడా నిండని కొత్తదాని ముఖం అద్దంలా నల్లగా మెరుస్తోంది. గోటితో గీరితే జారిపోతోంది. ఒక అంచున మసాలా, అంటే ఆ రాపిడి పదార్థం, ఇనుప పలక నుంచి లేచి సందు పడింది. చాచా ఆ సందులో బ్లేడు పెడితే దూరింది. ఇంకో మూల వేలితో నొక్కగానే పెళ్లలుగా రాలింది. ఇంకొన్ని రోజులు తిరిగితే మసాలా మొత్తం ఊడి ఇనుము డిస్కును కొరికేది అన్నాడు.

పలక వెనక వైపు చూస్తే తేడా ఇంకా తెలిసింది. పాతదాని మీద తయారీ గుర్తూ బ్యాచ్ నంబరూ ఇనుములోకి అచ్చు గుద్ది ఉన్నాయి. నాలుగేళ్ల మురికి తుడిస్తే అక్షరం అక్షరం కనిపించింది. కొత్తదాని మీద తెల్ల సిరాతో కొట్టిన నంబరు పెట్రోలు గుడ్డతో ఒక్కసారి తుడవగానే పోయింది. పాతదాని వెనక మోత రాకుండా పలుచని షిమ్ము రేకు బిగించి ఉంది, దీనికి రేకు బదులు నల్ల కాగితం లాంటిది అంటించారు. ప్యాడు అరిగిపోతే డిస్కుకు తగిలి కీచుమని హెచ్చరించే చిన్న ఇనుప నాలుక పాతదానికి రివిట్ కొట్టి ఉంది. దీనికి ఆ నాలుక ఉంది గానీ చేత్తో అంటే కదులుతోంది. పలక అంచులు పాతదానికి నున్నగా, దీనికి కోసిన గరుకు అట్లానే ఉంది, మీద రంగు కారి బొట్లు కట్టింది. ఇవన్నీ బిగించక ముందు కళ్లతో చూసి పట్టుకోగల తేడాలే. అయితే పక్కన ఒరిజినల్ లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. పాత సామాను దగ్గర పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే.

కొన్ని బ్రాండ్ల ప్యాడ్ల అంచున ఎఫ్ఎఫ్ అనో, జీజీ అనో రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఎఫ్ అంటే రాపిడి గుణకం 0.35 నుంచి 0.45 మధ్య, జీ అంటే 0.45 నుంచి 0.55. అది పట్టు ఎంతో చెప్పే గుర్తే తప్ప ప్యాడు ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పేది కాదు. దొంగ సరుకు మీద ఆ అక్షరాలు అచ్చు వేసుకోవడానికీ అడ్డేం లేదు.

డిస్కుల మీద వేలు పెడితే దిగబడేంత గాడులు పడ్డాయి. లేత్ మీద టర్నింగ్ పట్టించి, అంటే పైపొర చెక్కించి, సాఫు చేయించవచ్చేమో అనుకున్నాను. చాలా డిస్కుల మీద ఇంతకంటే పలుచనైతే వాడొద్దని కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. కొలిస్తే గాడులు పోయేదాకా పట్టిస్తే ఆ కొలత కిందికి వెళ్తుందని తేలింది. రెండు డిస్కులూ పోయినట్టే.

ఆ మధ్యాహ్నమే పెట్టె పట్టుకుని హనుమకొండలో కంపెనీ విడిభాగాలు అమ్మే కౌంటరుకు పోయాను. అక్కడి తమ్ముడు ఓపికమంతుడు. పార్టు నంబరు కంప్యూటర్లో కొట్టాడు, సరైనదే. నంబరు సరిపోతే సరుకు మంచిదే అన్న నమ్మకం అక్కడే పోయింది, దొంగలు నంబరు తప్పు వేయరు. లేబులు మీద నెల చూడమన్నాడు. నవంబరు 2025. తర్వాత ఎంఆర్‌పీ చూడమన్నాడు. సెప్టెంబరు 22, 2025 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 128 రూపాయలున్న చోట 118 కావాలి, అంటే నూటికి దాదాపు ఎనిమిది రూపాయలు ధర దిగాలి. నా పెట్టె మీద నవంబరులో ప్యాక్ చేసినట్టు ఉంది, ధర మాత్రం పన్ను తగ్గకముందుది. "పాత లేబులు చూసి కొత్త తేదీ కొట్టిన్రు సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణం ఆధారపడిన వస్తువును ఇంత తీరిగ్గా కూర్చుని అచ్చు వేశారు.

హోలోగ్రామును కూడా కౌంటరులోని అసలు పెట్టె పక్కన పెట్టి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూపించాడు. అసలుదాంట్లో బొమ్మ మారుతుంది, నాదాంట్లో రంగులు మెరుస్తాయి గానీ బొమ్మ కదలదు. ప్యాకింగ్ మీద తయారుచేసిన వాళ్ల పేరూ అడ్రసూ, నెలా సంవత్సరం, పన్నులన్నీ కలిపిన ఎంఆర్‌పీ, ఎన్ని పీసులో, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరూ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. నా పెట్టె మీద అన్నీ ఉన్నాయి, ఫిర్యాదు నంబరులో మాత్రం ఒక అంకె తక్కువ.

సాయంత్రం షెడ్డుకు పోయాను. మేస్త్రీ మొహం తెల్లబోయింది. "అన్నా, నేను గూడ పెట్టె జూసే తీసుకున్న" అన్నాడు. అతని మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. దొంగ సరుకని తెలిస్తే ఖాళీ పెట్టె నా చేతికి ఇవ్వడు. ఇద్దరం కలిసి షాపుకు పోయాం. షాపాయన ప్యాడ్లు చేతిలోకి కూడా తీసుకోలేదు. "క్యాలిపర్ జామైతే ఏ ప్యాడైనా కాలుతది" అన్నాడు. క్యాలిపర్ అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం. రెండు పక్కలా ఒకేలా కాలాయి, రెండు క్యాలిపర్లూ ఒకేరోజు జామవుతాయా అని మేస్త్రీ అడిగితే జవాబు లేదు. తర్వాత "వేరే సెట్టు ఇస్త, తీస్కపోండ్రి" అని అదే అరలోంచి అదే పెట్టె తీశాడు. మేం తీసుకోలేదు. బిల్లు సంగతి ఎత్తితే "నువ్వు నా దగ్గర కొన్నవనడానికి రుజువేంది" అన్నాడు.

ఆ మాటకే మర్నాడు 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు రాసుకుని నంబరు పంపారు. పెట్టె, ప్యాడ్లు, చీటీ, ఫోన్‌పే వివరాల ఫొటోలు పెట్టమన్నారు. రెండు వారాలు దాటినా షాపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. హెల్ప్‌లైన్ రాజీ కుదర్చడానికి చూస్తుంది, తీర్పు చెప్పదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. వస్తువుకు మనం పెట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి, ఈ-జాగృతి అనే పోర్టల్లో ఇంటి నుంచే వేసుకోవచ్చు.

కిరాయి బండి కదా, వ్యాపారం కింద తోసేస్తారేమో అని నాకు పెద్ద అనుమానం ఉండేది. స్టాండులో అందరూ అదే అన్నారు. కోర్టు దగ్గర తెలిసిన వకీలు సారును అడిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని వాక్యం చదివి వినిపించారు: సొంతంగా పని చేసుకుని బతకడానికి మాత్రమే వాడుకునే వస్తువైతే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. మనలాంటి ఓనర్ కమ్ డ్రైవర్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. షాపుకు నోటీసు ఆయనే రాసిచ్చారు, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

నోటీసు అందిన రెండు రోజులకు షాపాయన షెడ్డు మేస్త్రీ చేతికి 1,900 ఇచ్చి పంపాడు. డిస్కుల సంగతి లేదు, జాతర నాలుగు రోజులూ బండి నిలబడిపోయిన సంగతి లేదు. మాకు నాలుగు రాళ్లు కనబడేది ఆ నాలుగు రోజుల్లోనే. డబ్బు తీసుకున్నట్టు రాసిచ్చాను గానీ ఇక ఏ పేచీ లేదని రాయమంటే రాయలేదు. చాచా కూడా వద్దన్నాడు.

కొత్తవి ఈసారి కౌంటరులోనే జీఎస్టీ బిల్లుతో తీసుకున్నాను. ప్యాడ్లు వెంటనే దొరికాయి, డిస్కులు హైదరాబాదు నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. డిస్కుల జత 5,200, ప్యాడ్లు 2,050, బ్రేకాయిల్, మజూరీ అన్నీ కలిపి తొమ్మిది వేలకు కొంచెం తక్కువ. బిగించాక చాచా నన్ను వడ్డేపల్లి చెరువు దిక్కు తీసుకుపోయి, ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఇరవైకి మెల్లగా దింపడం, కాస్త నడిపి చల్లార్చడం, మళ్లీ దింపడం చేయించాడు. మొదటి మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కొద్దన్నాడు.

ఖర్చెక్కువని కంపెనీ పెట్టె వద్దనుకునేవాళ్లకు ఒక మాట. కార్ల కంపెనీలు ప్యాడ్లు, బేరింగులు, ఫిల్టర్లు చాలావరకు సొంతంగా తయారు చేయవు, బయటి కంపెనీల నుంచి తీసుకుంటాయి. బాష్, వేలియో, రానే, గాబ్రియేల్, ఎస్‌కేఎఫ్ లాంటివి తమ సొంత పెట్టెల్లో కూడా సరుకు అమ్ముతాయి. పక్కా బిల్లుతో వాటిని కొంటే నాలుగు డబ్బులు మిగులుతాయి, సరుకూ మంచిదే. ఒరిజినల్, డూప్లికేట్ అని రెండే రకాలనుకోవడం వల్ల మనం మధ్యలో ఉన్న ఈ రకాన్ని వదిలేసి, ఖరీదైన పెట్టె పేరు చూసి చౌక సరుకు కొంటున్నాం. సీటు కవర్ల లాంటివి ఎక్కడ కొన్నా ప్రాణం మీదికి రాదు. బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్ దగ్గర మాత్రం నేనిక రూపాయి బేరం ఆడను.

ఆ ఊపులో అదే షాపు నుంచి వచ్చిన ఆయిల్ ఫిల్టరు కూడా తీయించాను. చాచా హ్యాక్‌సా బ్లేడుతో రెండు ముక్కలు కోశాడు. లోపల కాగితం మడతలు ఎడమెడంగా, ఒక పక్క జిగురు ఊడి ఉంది. అంటే ఆయిల్ వడపోత లేకుండానే ఇంజన్లోకి పోతోంది. బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా పట్టే రబ్బరు వాల్వు అప్పుడే గట్టిపడి చిట్లింది. పొద్దున స్టార్టు చేయగానే ఇంజన్ కాసేపు టకటకమనడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ఫిల్టరు మార్చాక ఆ చప్పుడు పోయింది.

షెడ్ల చుట్టూ తిరిగి కంపెనీల ఖాళీ పెట్టెలు కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారని షెడ్డు మేస్త్రీయే చెప్పాడు. పాత సామాను ఇనుప కొట్టుకు పోతుంది గానీ పెట్టెకు వేరే రేటట. అందుకే ఇప్పుడు నేను పెట్టె ఫొటో తీసుకుని, హోలోగ్రాము మీద అడ్డంగా కోసి, చింపి పారేస్తున్నాను. నా కేసు పెట్టె మాత్రం వకీలు సారు దగ్గర ఉంది. కమిషన్‌లో వెయ్యడానికి కాగితాలు తయారవుతున్నాయి.

షెడ్డు మేస్త్రీ అదే షాపు ప్యాడ్లు బిగించిన బండ్లవాళ్లకు ఫోన్లు చేసి పిలిపిస్తున్నాడు. ఇప్పటికే ఒక స్విఫ్ట్‌లో ఇవే బయటపడ్డాయి. డిసెంబరు, జనవరిలో మన దగ్గర డిజైర్‌కు గానీ స్విఫ్ట్‌కు గానీ ప్యాడ్లు మార్పించుకుని ఉంటే, రిమ్ము మీద నల్ల మసి ఎక్కువగా పడుతుంటే, ఇంకో దూర ప్రయాణం పెట్టుకోకముందే ఒక చక్రం విప్పించి పలక వెనక నంబరును పెట్రోలు గుడ్డతో తుడిచి చూడండి.